బోర్లించిన బేసిను

ఆ ఉదయం తూర్పున మబ్బులు చేప పొలుసుల్లా పరుచుకున్నాయి. మంగినపూడి ఒడ్డున అబ్బులు ఇసుకలో కాళ్లు చాపుకుని, వల కన్ను బొటనవేలికి తగిలించుకుని చిరుగు కడుతున్నాడు. మోకాలు పట్టేశాక సముద్రం మానేశాడు. పడవ ఇప్పుడు తమ్ముడు నాగబాబుది. నిన్న పొద్దున వెళ్లాడు, ఇంకా రాలేదు.

బందరులో డిగ్రీ చదివే కూతురు కుమారి పక్కనే కూర్చుని పరీక్షకి రాకెట్ల పాఠం తిరగేస్తోంది.

"అంత బరువు పైకెట్టా పోద్దే?" అన్నాడు తల ఎత్తకుండా.

"బుడగ ఊది మూతి వదిలేస్తే ఏమవుద్ది నాన్నా? గాలి వెనక్కి, బుడగ ముందుకి. రాకెట్టూ అంతే. మండిన గ్యాసుని కిందకి నెట్టుద్ది, అది పైకి పోద్ది."

"మరి పైన వదిలేసిన ఉపగ్రహం పడదా?"

"పడతానే ఉంటది. కాకపోతే పక్కకి ఎంత జోరుగా పోద్దంటే, పడేలోపు కింద భూమి వంపు తిరిగిపోద్ది. పడతా పడతానే చుట్టూ తిరుగుద్ది."

"మీ బాబాయిలాగా. తాగొచ్చి ఎప్పుడూ పడబోతాడు, పడడు."

ఇద్దరూ నవ్వారు.

"మన పడవ ఎక్కడుందో చూసి చెప్పేది అదేగా?"

"చూడదు నాన్నా. పడవలో సర్కారోళ్లు బిగించిన పెట్టె మాట పంపితే ఇటు అందిస్తది. తుఫాను కబురూ అట్టాగే పెట్టెకి వస్తది. పెట్టెకీ ఆకాశానికీ మధ్య ఏదీ అడ్డం లేకుండా ఉంటే చాలు."

అబ్బులు చేతిలో నూలు కండె ఆగింది.

మంచి చేప దొరికిన చోటు ఆ ఒడ్డున సొంత బావమరిదికైనా చెప్పరు. పెట్టె బిగించిన రోజే దాని మీద సత్తు బేసిను బోర్లించి, తాడుతో కట్టాడు అబ్బులు. పైనున్న కన్ను చూడకూడదని. తమ్ముడికీ అదే నేర్పాడు.

"సత్తు బేసిను కప్పితే?"

కుమారి పుస్తకం మూసేసింది. "ఎవరు కప్పారు?"

అబ్బులు కండె ఇసుకలో పడేసి, మోకాలు పట్టుకుని లేచాడు. కుమారి బాబాయికి ఫోను చేసింది. అందలేదు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. తుఫాను కబురందిన పడవలన్నీ ఒడ్డెక్కాయి.

"మేం బయల్దేరేటప్పుడు మాకు దగ్గర్లోనే వల లాగుతున్నాడు మావయ్యా," అన్నాడు పక్క పడవ నాని. "ఆడికీ కబురొచ్చే ఉంటదిలే అనుకున్నాం."

మర్నాడు గాలి తగ్గాక నాని వాళ్లే వెళ్లి పడవని లాక్కొచ్చారు. నాగబాబుని చాపలో తెచ్చారు. పెట్టె మీద బేసిను అలాగే ఉంది. అన్న వేసిన ముడి, సముద్రానికి కూడా ఊడలేదు. అబ్బులు విప్పబోయాడు, తడిసిన తాడు బిగుసుకుపోయింది. కుమారి కత్తి తెచ్చి కోసింది.

అంతా అయ్యాక, చావింట పొయ్యి వెలిగించరు కాబట్టి, నాని తల్లి అన్నం, పప్పుచారు తెచ్చి వడ్డించింది. నాగబాబు భార్య వెంకటరత్నమ్మ, కుమారి, అబ్బులు ఒకే వరసలో కూర్చుని తిన్నారు. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

వాకిట్లో బేసిను వెల్లకిలా పడి ఉంది, తెగిన తాడు ముక్కతో. అందులో కాసిని వాననీళ్లు, వాటిలో ఆకాశం.