ఒక తల ఎక్కువ

శనివారం మూడింటికి టీచరమ్మ చర్చి వెనకున్న హాలు తాళం తీస్తుంది. ముందు కిటికీలు, ఆ తరవాత చీపురు. వారమంతా పావురాలు చేసి పెట్టిన నిర్వాకం ఎత్తిపోసి, బెంచీలు తుడిచి, సుద్దముక్కలన్నీ సగానికి విరిచి పెడుతుంది. నిండు ముక్క ఇస్తే పిల్లలు సగంతో రాసి, మిగతా సగం ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు విసురుకుంటారు. విరిచి ఇస్తే విసరడానికి మిగలదని ఆవిడ ఉపాయం.

మూడున్నరకి పిల్లలు దిగుతారు. మొదట పాటలు, తరవాత సత్యోపదేశం, నాటకం ఉన్న నెలలో నాటకం, లేని నెలలో క్యారమ్ బోర్డు. ఐదున్నరకి తలా ఒక బన్నూ ఒక అరటిపండూ చేతిలో పెట్టి ఇళ్ళకి పంపడం. మిగతా రోజుల్లో ఆవిడది ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లూ దిండు గలీబులూ లెక్క చూసే ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క గలీబు తేడా రాలేదని అక్కడ ఆవిడకి పేరు.

ఈ హాల్లో మాత్రం లెక్క ఏనాడూ కుదిరింది లేదు. పేర్లు పిలిస్తే ఇరవై రెండు. తలలు లెక్కపెడితే ఇరవై మూడు. ఆ ఇరవై మూడోది ఎవరా అని ఒక్కో మొహమే చూసుకుంటూ పోతే అన్నీ తెలిసిన మొహాలే, ఒక్కటీ కొత్తది కాదు. ముందునించి లెక్కపెట్టినా, వెనకనించి లెక్కపెట్టినా, బయట వరండాలో వరసగా నిలబెట్టి లెక్కపెట్టినా ఒక తల ఎక్కువే.

దానికి ఎవరూ కంగారు పడరు. బేకరీ ఆయన అడక్కుండానే ఒక బన్ను ఎక్కువ పంపిస్తాడు. నాటకంలో దేవదూతలకి రెక్కలు కుట్టే టైలరమ్మ ఒక జత ఎక్కువ కత్తిరిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "ఇదేంటి, ఒకటి మిగిలింది" అంటే, ఎప్పుడూ ఎక్కిళ్ళు పెట్టే కుర్రాడు ఒకడున్నాడు, వాడి పేరే ఎక్కిళ్ళు అయిపోయింది, వాడు చెప్పేవాడు, "మిగల్లేదురా, అది టీచరమ్మ చెల్లెలిది" అని. చెప్పి తన బన్ను తాను తినేవాడు. సాయంత్రానికి ఆ మిగిలిన బన్ను కూడా ఉండేది కాదు. ఎవరు తిన్నారని అడగడం మర్యాద కాదని పిల్లలకి కూడా తెలుసు.

పాటల దగ్గర ఇంకొకటి ఉంది. అందరూ ఒక్కసారే ఆపినా, ఒక సన్నటి గొంతు అర క్షణం ఆలస్యంగా ఆగేది. టీచరమ్మ ఆ అర క్షణమూ కళ్ళు మూసుకుని, తరవాత, "ఊఁ, రెండో చరణం" అనేది.

ఆ చెల్లెలు బతికున్నప్పుడూ అన్నిటికీ ఆఖరే. నిద్ర లేవడంలో ఆఖరు, అన్నం దగ్గర ఆఖరు, బడి గంటకి ఆఖరు. ఎనిమిదేళ్ళ పిల్ల. అప్పటికి టీచరమ్మకి పదకొండు. చర్చి విచారణ కిందికొచ్చే పిల్లలందర్నీ ఆనకట్ట కింద ఏటి ఒడ్డుకి ఆటలకి తీసుకెళ్ళారు. సాయంత్రం పేర్లు పిలిచారు, బస్సు కదిలింది, ఇంటికొచ్చి చూస్తే చెల్లెలు లేదు. మూడో రోజున ఏట్లో దొరికింది. పేర్లు పిలిచిన సిస్టరు ఒకావిడ ఉండేది. పిల్లని లెక్క చూసుకోలేదని ఊరంతా ఆవిడని ఆడిపోసుకున్నారు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పకుండా పెట్టె సర్దుకుని ఎక్కడికో వెళ్ళిపోయింది, అక్కడే పోయిందని తరవాత తెలిసింది. అప్పటినించీ, అంటే ముప్పై నాలుగేళ్ళుగా, ఈ విచారణలో పిల్లలు ఎక్కడ పోగైనా ఒక తల ఎక్కువే. ఏటి ఒడ్డుకి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

కొత్తగా వచ్చిన చిన్న ఫాదర్‌కి ఇదంతా తెలుసు. అయినా ఆయన వేసవి ఆటలకి ఆ చోటే అనుకున్నాడు.

"భయాన్ని ఎన్నాళ్ళని దాచుకుంటాం టీచరమ్మా? పిల్లలకి నీడుంది, గడ్డి ఉంది, పరుగెత్తడానికి చోటుంది. మీరు వద్దంటే మానేద్దాం."

వద్దనడానికి టీచరమ్మకి నోరు రాలేదు. ఎందుకు వద్దని అడిగితే చెప్పాలి. చెప్పేది కాదది.

అప్పటికి పదిహేను రోజుల కిందటే టైలరమ్మ మేనకోడలు వచ్చి చేరింది. తల్లికి ఒంట్లో బాగాలేక అత్త దగ్గర దింపారు. ఎవరితోనూ కలవదు. పేరు పిలిస్తే పెదాలు కదిలేవి గాని, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. ఆ పిల్లతో కలిపే పట్టీలో ఇరవై రెండు.

అద్దె బస్సు వచ్చింది. డ్రైవరు దిగుతూనే తన కష్టం చెప్పుకున్నాడు.

"ఫాదర్‌గారూ, ముందే చెప్తున్నా. నా బండికి లైటు ఒక్కటే. చీకటి పడేలోపు ఊళ్ళో ఉండాలి. తరవాత నన్ననకండి."

"నీ బండికి రెండో కన్ను ఏమైంది అన్నా?" అన్నాడు ఎక్కిళ్ళు.

"నీలాంటి వాణ్ణి చూసి మూసుకుంది. ఎక్కు, ఎక్కు."

ఆటలు బాగానే జరిగాయి. గోనెసంచుల పరుగు, తాడు లాగడం, బైబిలు ప్రశ్నలు. తాడు లాగడంలో రెండు జట్లకీ సరిసమానంగా పదకొండుమంది, ఒక జట్టు మాత్రం ఎందుకో ప్రతిసారీ నెగ్గింది. ఓడినవాళ్ళు, "వాళ్ళవైపు టీచరమ్మ చెల్లెలుంది, చెల్లదు" అని పేచీ పెట్టారు. ఏటి నడుమ ఇసకదిబ్బ ఉంది, మోకాల్లోతు నీళ్ళలో నడిచి పోవచ్చు. ఆనకట్ట కాపలాదారు మధ్యాహ్నమే వచ్చి చెప్పాడు, ఐదున్నరకి నీళ్ళు వదలడానికి తలుపులు ఎత్తుతారు, ఐదుకల్లా అందరూ పైకి వచ్చెయ్యాలని. టీచరమ్మ పొద్దున్నించీ నీళ్ళ వైపు వీపు తిప్పలేదు. అన్నం కూడా నిలబడే తింది.

నాలుగున్నరకి ఈల వేసింది. పిల్లలు బస్సెక్కారు. పట్టీ తీసి పేర్లు పిలిచింది.

"వచ్చాను టీచర్." "వచ్చాను టీచర్." ఇరవై రెండు పేర్లకీ ఇరవై రెండు గొంతులు.

తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. వెనకనించి మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రెండే.

చిన్న ఫాదర్ లెక్కపెట్టాడు. ఆయనకీ అంతే. బస్సులో గోల సద్దుమణిగింది. ఎక్కిళ్ళు ఎక్కిళ్ళు కూడా మాని అడిగాడు.

"టీచర్, వెళ్ళిపోయిందా?"

చిన్న ఫాదర్ నుదుటిమీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎక్కడ పోయిందో అక్కడికే వచ్చి శాంతి పొందింది టీచరమ్మా. మనం ఇన్నేళ్ళు వేడుకున్నది ఇదే కదా. అన్నా, పోనివ్వు."

బస్సు కదిలింది. టీచరమ్మ ముందు సీట్లో కూలబడింది. ముప్పై నాలుగేళ్ళు మోసిన బరువు ఎవరో చేయందుకుని దించినట్టయింది, ఆ తరవాత దించినచోట వెలితి మొదలైంది. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. వెనక పిల్లలు పాట ఎత్తుకున్నారు, ఆవిడ నేర్పిన పాటే. మూడు చరణాలూ పాడారు. పాట ఆగింది.

ఒక సన్నటి గొంతు అర క్షణం ఆలస్యంగా ఆగింది.

టీచరమ్మ చెయ్యి కొంగు దగ్గరే ఆగిపోయింది. చెల్లెలు ఎక్కడికీ వెళ్ళలేదు, బస్సులోనే ఉంది. అది ఉండి కూడా ఇరవై రెండంటే, ఉండాల్సిన వాళ్ళలో ఒకరు లేరు.

"బస్సు ఆపన్నా" అంటూ లేచింది.

ఒక్కో సీటు దగ్గరా నిలబడి చూసింది. చూసిన ప్రతి మొహమూ తెలిసిన మొహమే. కిటికీలకి తలలు వాల్చినవాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నవాళ్ళు. మళ్ళీ పేర్లు పిలిచింది, మళ్ళీ ఇరవై రెండు గొంతులు. ఎవరు తక్కువో ఆవిడకి తోచలేదు, ఎవరికీ తోచలేదు.

"ఫాదర్, వెనక్కి తిప్పించండి. ఒక బిడ్డ అక్కడే ఉండిపోయింది."

"ఏ బిడ్డ?"

"తెలీదు."

చిన్న ఫాదర్ ఆవిడ మొహం చూసి నెమ్మదిగానే చెప్పాడు. "పేర్లు సరిపోయాయి, తలలు సరిపోయాయి. అందరూ పలికారు. ఈ చోటికి రావడం మీ మనసు తట్టుకోలేకపోయింది, తప్పు నాది. కాసేపు కూర్చోండి."

"ఇప్పుడు తిప్పితే తిరిగొచ్చేసరికి చీకటే" అన్నాడు డ్రైవరు. "ఒంటి లైటుతో ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని నేను రాలేనమ్మా. ఎవరు లేరో చెప్పండి, తిప్పుతా. ఉన్నవాళ్ళందరూ ఉంటే ఎవరికోసం పోవాలి?"

వాచీలో ఐదు కావస్తోంది. టీచరమ్మ రెండు సీట్ల కమ్మీలు పట్టుకుని బస్సు మధ్యలో నిలబడింది.

"పేరు పలికితే మనిషి ఉన్నట్టు కాదు ఫాదర్. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు."

"టీచరమ్మా, మీరు నాతో విడిగా..."

"ఇది మీ చెవిలో చెప్పుకునే పాపసంకీర్తనం కాదు. అక్కడ కూడా ఏనాడూ చెప్పలేదు. ఇది పిల్లలు కూడా వినాలి." పిల్లల వైపు తిరిగింది. "ఆరోజు సిస్టరు నా చెల్లెలి పేరు పిలిచినప్పుడు పలికింది నేను. అంతకుముందు వారమే ఆలస్యమైందని దాన్ని మోకాళ్ళ మీద నిలబెట్టారు. మళ్ళీ తిట్లు పడతాయని గొంతు మార్చి 'వచ్చాను సిస్టర్' అన్నాను. ఎక్కడో వెనకుంటుంది, పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేస్తుందనుకున్నాను. ఎక్కలేదు. బస్సు కదిలాక చెప్పడానికి భయమేసింది. ఇంటికెళ్ళాక ఇంకా భయమేసింది. ఆ తల్లి నా పాపం మోసుకుని ఊరు విడిచి పోయింది, నేను నోరు మెదపలేదు. ఈ పూట ఈ బస్సులో ఎవరో ఇంకొకరి పేరుకి పలికారు. పలికింది నా చెల్లెలు. ఎందుకు పలికిందో నాకు తెలీదు, దానికి అది నేర్పింది మాత్రం నేను."

చిన్న ఫాదర్ ఆవిడ వైపు చూడకుండా, డ్రైవరు వైపు తిరిగాడు.

డ్రైవరు అప్పటికే స్టీరింగు తిప్పుతున్నాడు.

ఒడ్డుకి చేరేసరికి నీళ్ళ రంగు మారింది. ఏరు ఉరమకుండా, నురగ లేకుండా, ఊరికే వెడల్పవుతోంది. ఇసకదిబ్బ ఒక చాపంత మిగిలింది. దాని మీద పిల్ల. టైలరమ్మ మేనకోడలు. కూర్చుని లేదు, ఏడవడం లేదు. ఒక చెయ్యి పక్కకి చాచి, ఎవరో పట్టుకున్నట్టు పిడికిలి బిగించి నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్ళబడ్డాక గాని బస్సులో వాళ్ళకి గుర్తు రాలేదు, పొద్దున బస్సులో తమ పక్కన కూర్చున్నదెవరో, తిరిగి వచ్చేటప్పుడు లేనిదెవరో.

డ్రైవరు చొక్కా కూడా విప్పకుండా దిగాడు. వెళ్ళేటప్పుడు నీళ్ళు నడుముదాకా, పిల్లని భుజానికెత్తుకుని వచ్చేటప్పుడు గుండెలదాకా. టీచరమ్మ ఎదురెళ్ళి పిల్లని అందుకుని కొంగుతో ఒళ్ళు తుడిచింది. అప్పుడు విన్నారు అందరూ ఆ పిల్ల గొంతు, కాస్త బొంగురుగా, పెద్దమ్మాయి గొంతులా ఉంది.

"దిబ్బకి అటువైపు గుల్లలేరుతున్నా. ఈల వినపడలేదు. బస్సు పోయింది. నీళ్ళొచ్చాయి. ఇందాకే ఒకమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. కదలకు, ఈసారి వస్తారు అంది."

"ఆ అమ్మాయి ఎటు పోయింది తల్లీ?"

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. దిబ్బ లేదు.

పిల్లకి ఎవరిదో స్వెట్టరు తొడిగారు. అందరూ ఎక్కారు. టీచరమ్మ పేర్లు పిలిచింది. తలలు లెక్కపెట్టింది. పట్టీలో ఉన్నంతమందే. చిన్న ఫాదర్ ఒకే ఒక పాట పాడించాడు, దేవుడికి కృతజ్ఞతగా. పాట చివర అందరూ ఒక్కసారే ఆగారు. ఆ తరవాత ఏమీ వినపడలేదు.

డ్రైవరు ఇంజను వేశాడు. ఆ ఒక్క లైటూ వెలిగించాడు.

"ఆగన్నా" అంది టీచరమ్మ. "ఇంకొకరున్నారు."

పట్టీ మూసేసింది. తలుపు దగ్గరకెళ్ళి, పై మెట్టు మీద నిలబడి, ముప్పై నాలుగేళ్ళుగా తన నోటితో అనని పేరు పెట్టి ఏటి వైపు పిలిచింది. కోపంగా కాదు. అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

ఎవరూ పలకలేదు. టీచరమ్మ కూడా పలకలేదు. పెదాలు బిగించి, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడింది.

డ్రైవరు అద్దంలో చిన్న ఫాదర్‌ని చూశాడు. చిన్న ఫాదర్ తల ఊపాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. తడి చొక్కాలోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా రేకు మీద పడుతున్నాయి. బయట వెలుతురు తగ్గుతోంది, ఏరు ఒడ్డుని నాకుతున్న చప్పుడు. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఎక్కిళ్ళు ఊపిరి బిగబట్టాడు. అలా ఎంతసేపో ఎవరూ చూడలేదు.

"ఎక్కిందా అమ్మా?" అని డ్రైవరు నెమ్మదిగా అడిగాడు.

"వస్తోంది. చెప్పు బకిలు పెట్టుకోవడం దానికి సరిగ్గా రాదు" అంది టీచరమ్మ. "కాస్త టైము పడుతుంది."

"పట్టనివ్వండి. తొందరేముంది" అన్నాడు డ్రైవరు.

కింది మెట్టు ఒక్కసారి కిర్రుమంది. చిన్న పిల్ల ఎక్కితే ఎంత ఒరుగుతుందో బస్సు ఆ పక్కకి అంతే ఒరిగి, సర్దుకుంది. టీచరమ్మ ఒదిగి దారిచ్చి, తలుపు వేసి, గొళ్ళెం పెట్టింది.

"ఇక పోనివ్వన్నా" అంది.