తోక కొసలు

ఎలుకల గదిలోకి అడుగు పెట్టగానే పరిశోధకురాలికి ఒళ్లు మండిపోయింది.

గాయమైతే రక్తం గడ్డకట్టని జబ్బు ఆవిడ తమ్ముడికి పుట్టుకతోనే వచ్చింది. వాడి పాలపన్ను ఊడిన రోజు అమ్మ తెల్లవార్లూ దూది నొక్కిపట్టి కూర్చుంది. ఆ జబ్బుకు మందు వెతకాలంటే అదే జన్యులోపం ఉన్న ఎలుకలు కావాలి. వాటిని పుట్టించేసరికి ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది.

ఈ కాన్పులో లోపం ఏ పిల్లలకి వచ్చిందో తేల్చడానికి, అన్నిటి తోక కొసలూ కాస్త కత్తిరించి పరీక్షకు పంపమని నిన్న కొత్త డాక్టరుగారికి అప్పజెప్పింది. రక్తం ఆగేదాకా గాటు నొక్కిపట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన వింటేగా. ఇప్పుడు చూస్తే నాలుగు పిల్లలు రక్తంతో తడిసిన రంపపు పొట్టులో కట్టెల్లా పడున్నాయి.

"ఇంత చిన్న గాటుకే చస్తాయనుకోలేదండీ," అన్నాడాయన నసుగుతూ. "పోనీలెండి, మిగతావి గంతులేస్తున్నాయిగా. రిపోర్టు వస్తే వాటిలో మనక్కావలసినవేవో తెలుస్తుంది."

"రిపోర్టుతో పనేముందండీ," అంది ఆవిడ, చచ్చినవాటిని ఒక్కొక్కటే ఏరుతూ. "మనక్కావలసినవి ఇవే."