ఒకటిన్నర కిటికీ

మేముండేది గది కాదు, సగం హాలు. నూట యాభై ఏళ్ల కిందట ఎవరో కలిగినాయన విందులకని కట్టించుకున్న మేడ ఇది. చేతులు మారాక ఆ హాలుకి అడ్డంగా చెక్కగోడ కొట్టి అద్దెకిచ్చారు. మూడు కిటికీల్లో ఒకటిన్నర మాకు, ఒకటిన్నర పిన్నికి. పిన్ని చుట్టమేం కాదు. బట్టలకి బొత్తాలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. నా బిడ్డ ఏడిస్తే అటునుంచి చెక్క మీద వేళ్లతో తాళం వేస్తుంది, వాడు ఊరుకుంటాడు. నేనెంత ఊపినా ఊరుకోడు.

మేడ పడగొడతారని విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు. చంటివాడితో ఎక్కడికని పోతాం? పాతకాలపు పనితనం కనిపిస్తే పడగొట్టరనీ, చూడ్డానికి ఇంజనీరమ్మ వస్తుందనీ పైవాటా మాస్టారు చెప్పారు.

అంతే, పిన్ని బల్ల మీద కుర్చీ వేసి ఎక్కింది. పొరలు పొరలుగా సున్నం పట్టిన పైకప్పుని చెంచాతో గీకడం మొదలెట్టింది.

"పిన్నీ, పడతావు!"

"పడితే నీ మీదే పడతాలే. బిడ్డని పక్కకి తియ్యి."

సున్నం కింద ఒక రేక, దాని పక్కన ఇంకోటి. తన వైపు అయ్యాక మా వైపు గీకింది. చెరి సగం పువ్వు తేలింది.

"ఇది పువ్వేనంటావా అమ్మాయ్? నాకు క్యాబేజీలా ఉంది."

"క్యాబేజీ అయినా సరే, పాతదైతే చాలు."

ఇంజనీరమ్మ మా సగం చూసి, పరుగున అటెళ్లి మిగతా సగం చూసొచ్చింది. "ఈ మేడ జోలికి ఇంకెవరూ రారు," అంది. పిన్ని నన్ను వాటేసుకుంది. మధ్యలో నలిగి బిడ్డ కేరుమన్నాడు.

ఇంజనీరమ్మ చెక్కగోడ తట్టి చూసింది. "ఇది తీసేస్తారమ్మా. హాలు మొదట్లో ఎలా ఉండేదో అలా చేసి, జనం చూడ్డానికి పెడతారు."

"మరి మేము?"

ఆవిడ టేపు తీసి చెక్కగోడ కొలవడం మొదలెట్టింది.

ఖాళీ చేసే రోజు పిన్ని రెండు వాటాలూ కడిగింది.

"ఎవరి కోసం పిన్నీ? ఇంకెవరూ కాపురం ఉండరుగా."

"మంచిదేగా. మురికవదు."

అనేసి బకెట్ పక్కనే తడినేల మీద కూలబడింది. ఆవిడ వెళ్లేది తమ్ముడి దగ్గరికి, మేం ఇంకో ఊరికి. బిడ్డని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టాను. కింద సామాను బండివాడు హారన్ కొడుతున్నాడు.

కొట్టుకోనీ అనుకున్నాను.