బంద్ నాటి ఓల్టేజీ

పరశురాములు కార్ఖానాలో ఆరు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, రేయింబవళ్ళు బట్ట నేస్తుంటాయి. ఏడోది పెట్టాలని ఆయన పట్టుదల. దానికి పట్టే జాగా ఒక్కటే ఉంది, కిటికీ పక్క మూల. ఆ మూలలోనే కూతురు సంధ్యారాణి బల్ల వేసుకుని, చుట్టూ వైర్లు పరుచుకుని మహారాణిలా కూర్చుంది. రేడియోలూ మైకు సెట్లూ బాగుచేసే పిల్ల అని సిరిసిల్లలో పేరైతే వచ్చింది గాని, తండ్రి దృష్టిలో అది పని కిందికి రాదు. బట్ట నేస్తే పని, మిగతాదంతా పొద్దుపోని వ్యవహారం.

"సూడు బిడ్డా," అన్నాడొకనాడు. "తెలంగాణ బంద్ నాడు చౌరస్తల మీటింగుల నీ మైకు పెట్టే పెడ్తరట గదా. మంచిగ పాడితె పాడె. నడుమల చెడిందనుకో, మల్ల మాట్లాడకుంట బల్ల తీసెయ్యాలె. సాంచె తెప్పిస్త."

"తీసేస్త బాపు. గని అది చెడది," అంది సంధ్యారాణి, తల కూడా ఎత్తకుండా.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ మాటిచ్చి, పక్షం తిరక్కుండానే నాలుక మడతేసిన రోజులవి. ఎక్కడ చూసినా సభలే, ఆటపాటల ధూంధాంలే. ఉద్యమ పాటగాడు మేడిపల్లి దేవదాస్ లేచి గొంతెత్తితే కూలికి పోయేవాళ్ళు కూడా ఆగి వినేవారు. ఆయన గొంతులో బొంగురూ ఉంది, తీపీ ఉంది. అద్దె మైకు సెట్లు మాత్రం దాన్ని చీల్చి చెండాడేవి. "నా పాట రేకు డబ్బల పడ్డట్టుంటదమ్మా," అని ఆయన ఒకసారి ఈ బల్ల దగ్గరే వాపోయాడు. ఆ మాట సంధ్యారాణికి గుచ్చుకుంది. జగిత్యాలలో మూతపడిన ఓ టాకీసు సామాను తుక్కుకు పోతుంటే, అందులోని పాత వాల్వు ఆంప్లిఫయర్‌ను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. వాల్వులు బతికే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది. లోపలి కండెన్సర్లూ రెసిస్టర్లూ మాత్రం ఎండి, ఉబ్బి, మసిబారి ఉన్నాయి. అవన్నీ పీకేసి కొత్తవి ఏరుకోవాలి.

ఏరుకోవడానికి కోరుట్ల పోయింది. అక్కడ నారాయణ కొట్లో రేడియో కాలం నాటి సరుకు ఇంకా డబ్బాల్లో దొరుకుతుంది. సంధ్యారాణి ఆ కొట్లో కూరగాయల బేరానికి కూర్చున్నట్టు కూర్చుంది. పాటను ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు దాటించే చోటికి మైనం కారే పాత కాగితపు కండెన్సర్లు వద్దంది. వేడెక్కే చోటికి రెండు వాట్ల రెసిస్టర్లు, మిగతా చోట్లకు అర వాటువి తీసుకుంది. ప్రతిదాన్నీ మీటరు పెట్టి చూసింది. నారాయణకు ముచ్చటేసింది.

చివరికి కరెంటును చదును చేసే పెద్ద కండెన్సర్ల దగ్గర పేచీ వచ్చింది.

"నాలుగొందల యాభై ఓల్టులయి తీస్కో బిడ్డా," అన్నాడు నారాయణ. "మూడొందల యాభై అంటె అంచుల మీద నడిచినట్టే."

"గంత లావుయి నా పెట్టె బొక్కలల్ల దూరయి కాకా. మా సిరిసిల్ల కరెంటు నీకెర్కలేదు. వేల సాంచాలు గుంజుకుంటయి. రెండొందలు దాటంగ నేనెన్నడు సూడలె. ట్రాన్స్‌ఫార్మర్ పెంచినా నా పెట్టె లోపట మూడొందల పదికి మించి లేస్తలేదు."

తనే కొలిచి చూసింది, అందులో అబద్ధం లేదు. మూడొందల యాభైవి నాలుగు కట్టించుకుంది, రెండు పెట్టెలోకి, రెండు చేతికింద ఉండనీ అని. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేములవాడ దాకా కూనిరాగం తీసింది.

బంద్ నాడు తెల్లవారింది. కార్ఖానాలో చప్పుడు లేదు. పక్క వీధిలోనూ లేదు. ఊరు ఊరంతా సాంచాలు ఆపేసింది. మీటింగు సాయంత్రం. చివరిసారి చూసుకుందామని సంధ్యారాణి పెట్టె స్విచ్చు వేసి మీటరు పుల్లలు ఆనించింది. ముల్లు మూడొందలు దాటింది, మూడొందల యాభై దాటింది, నాలుగొందల దిక్కు పరుగెత్తింది. చటుక్కున ప్లగ్గు పీకేసింది. తల ఎత్తి చూస్తే బల్బు కళ్ళు చెదిరేలా వెలుగుతోంది, ఫ్యాను రెక్కలు కనపడకుండా తిరుగుతోంది.

కరెంటు గుంజుకునే సాంచాలే లేవు. ఇక ఓల్టేజీ లేవకుండా ఎట్లా ఉంటుంది? పుట్టిన నాటి నుంచి ఆ చప్పుడులో పెరిగిన పిల్ల, అది ఆగిన రోజును లెక్కలో వేసుకోలేదు. కండెన్సర్లు తాకి చూసింది. వెచ్చబడ్డాయి గాని ఉబ్బలేదు. నాలుగొందల యాభైవి కొందామంటే కోరుట్లలోనూ బందే.

కళ్ళు గోడ మీది పెద్ద స్విచ్చు మీదకు పోయాయి. ఆరు సాంచాలు ఆడిస్తే కాస్తన్నా తగ్గుతుందేమో.

"ఆ దిక్కు సూడకు," అన్నాడు వెనక నుంచి పరశురాములు. "ఊరంత బందుంటె నా సాంచె ఆడదు. నీ కోసమైన ఆడదు."

"నేను ఆడియ్యమన్ననా?" అంది గాని ముఖం కందింది.

కాసేపు గోళ్ళు కొరికింది. తర్వాత దాచిన రెండు కండెన్సర్లూ బయటికి తీసింది. ఒక్కోచోట రెండేసి, ఒకదాని వెనక ఒకటి కడితే ఓల్టేజీని చెరిసగం పంచుకుంటాయి. ఊరికే కట్టి వదిలేస్తే పంపకం తోడికోడళ్ళ ఇంటిపనిలా తయారవుతుంది, భారమంతా ఒకదాని మీదే పడుతుంది. అందుకని ప్రతిదానికీ అడ్డంగా ఒకే కొలత రెసిస్టరు వేయాలి. ఆ కంగారులో రెసిస్టర్ల డబ్బా చెయ్యి తగిలి బోర్లా పడింది.

పరశురాములుకు ఇవాళ పని లేదు. వచ్చి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎసొంటియి గావాలె?"

"ఎరుపు, ఎరుపు, పసుపు పట్టీలయి. నాలుగు."

చీరల అంచులకు రంగు నూలు జత చూసిన కళ్ళు ఆయనవి. మూడు ఏరి పెట్టాడు. నాలుగోది సంధ్యారాణే దొరకబుచ్చుకుని వైరుకు ఆనించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"గది నారింజ. పసుపు గాదు."

వెలుతురులో పెట్టి చూసింది. నారింజే, అంటే కొలత పదో వంతే. అది వేసి ఉంటే సభ మధ్యలో పొగ లేచేది. తండ్రి ఇచ్చిన నాలుగోది తీసుకుని వైరుకు ఆనించింది. బల్ల పోతే సాంచె వచ్చేది ఈయనకే గదా, మరి ఎందుకు ఆపినట్టు అని ఆమెకు అప్పుడే అనిపించింది.

ఓల్టేజీ నిలబడింది. అయితే జత కట్టిన కండెన్సర్ల బలం సగానికి పడిపోయి, స్పీకరులో గుంయ్‌మని మోత మొదలైంది. సాంచాలు ఆడే ఊళ్ళో అది ఎవరికీ వినపడదు. ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. రెండు జతల నడుమ ఉన్న రెసిస్టరు తీసి ఇంకా పెద్దది వేసింది, రెండు వాట్లదే. మోత చాలా మటుకు అణిగింది. సన్నగా కొంచెం మిగిలింది. ఇంకేం చేయలేనని తెలిసి, పెట్టె మూత బిగించింది.

సాయంత్రం చౌరస్తా కిక్కిరిసింది. సంధ్యారాణి పెట్టె పక్కనే నిలబడింది, ప్లగ్గు మీద ఒక చెయ్యి వేసుకుని. దేవదాస్ మొదటి ముక్క పాడగానే ఆమె చెయ్యి తీసేసింది. ఆయన బొంగురు బొంగురుగానే, తీపి తీపిగానే జనం మీదికి పోయింది. వెనక వరసలోని ముసలివాళ్ళు కూడా ముందుకు జరగలేదు, నిలబడ్డ చోటే విన్నారు. దేవదాస్ రెండు పాటలు అనుకుని వచ్చి, దీపాలు పెట్టే వేళ దాకా పాడాడు. తన గొంతు తనకే ముద్దొచ్చినట్టుంది. పెట్టె ఒక్కసారి కూడా తడబడలేదు. సంధ్యారాణికి ఏడుపొచ్చినంత పనైంది. గర్వంతోనే వచ్చింది, దాచుకోలేదు కూడా.

జనం పలచబడ్డాక పరశురాములు పెట్టె మీదికి వంగి చెవి పెట్టాడు. ఆ మిగిలిన సన్నటి మోత వినపడింది.

"ఇదేం చప్పుడే?"

"పూర్తిగ పోలే బాపు," అంది తప్పు చేసినట్టు.

ఆయన ఇంకాసేపు విన్నాడు. పెట్టెకు రెండో పక్క తనే చెయ్యేసి లేపాడు.

"పట్టు, ఇంటికి తీస్కపోదం. జాగ సాంచెకే అంటి గదా, ఇది గూడ సాంచె లెక్కనే మోగవట్టె. ఊరంత బందువెట్టిననాడు మన కార్ఖానల నడిచింది ఇదొక్కటే. మూల దీనికే."