ఎర్రనీళ్ల మీద నూనె

నా భార్య భవాని జీపుకు మా వియ్యంకుడు మళ్లీ ప్రాణం పోస్తున్నాడని బంధువులంతా మెచ్చుకుంటుంటే, అందరికన్నా ముందు సంతోషించాల్సినవాణ్ని నేను. నాకు మాత్రం కడుపు మండేది.

ఎర్రుపాలెం దగ్గరి మామిడితోటకు భవానే జీపు నడిపేది. మధిర కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే నేను పక్కసీట్లో కూర్చునేవాణ్ని. నాకు డ్రైవింగ్ రాదు. ఆమె పోయాక జీపు రేకుల షెడ్డులో ఉండిపోయి ఇంజన్ పట్టేసింది. మా అమ్మాయి సాహిత్య కూడా అలాగే బిగుసుకుపోయింది. ఫోన్ చేస్తే, "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." అంతే మా మాటలు.

దాని మామగారు వెంకటనారాయణ గారు బొగ్గుగనుల వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. "ఊకె ఉంటే తుప్పు పడ్తది బావగారూ, మా ఇంటికి పంపుండ్రి" అని జీపును లారీ మీద కొత్తగూడెం తెప్పించుకున్నారు. అరిగిన సిలిండర్ల లోపలి గోడలు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు తెచ్చి, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ బిగించడం నేర్పారు. అప్పట్నుంచి ఫోన్‌లో మాటలు పెరిగాయి. మామయ్య ఇలా అన్నారు, మామయ్య అలా జోకేశారు. నా కూతురి నవ్వు తిరిగొచ్చింది. కానీ వేరే వాళ్ల వాకిట్లోకి వచ్చింది.

"ఇవాళ స్టార్ట్ చేస్తున్నాం, రా నాన్నా" అంటే వెళ్లాను. ఆ నవ్వు తిరిగి నాదవుతుందో లేదో తేల్చుకోవాలని వెళ్లాను. అంతకు మించి ఆ ఇంజన్‌తో నాకు పని లేదు.

వియ్యపురాలు పద్మావతమ్మ గారు అడక్కుండానే చక్కెర లేని టీ ఇచ్చి, కుర్చీ నీడలోకి జరిపారు. సాహిత్య పాత చొక్కా తొడుక్కుని జీపు కింద పడుకునుంది. అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కు నట్టు పెట్టి, చేత్తో తిప్పి, స్పానర్ కోసం తడుముతుంటే లోపల్నుంచి అత్తగారు కేకేశారు.

"సాహిత్యా, హారతి పళ్లెం ఏడ పెట్టినవే?"

"వస్తున్నా అత్తయ్యా!"

లేచి వెళ్లింది. తిరిగొచ్చి కొత్త ఆయిల్ డబ్బా పైనుంచి ఒంపింది. తేనెరంగు ఆయిల్. నేను దాని ముక్కు మీది గ్రీజు మరకనే చూస్తున్నాను. అచ్చం వాళ్లమ్మ ముక్కే.

వెంకటనారాయణ గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. భవాని సీటు అది. కళ్లు తిప్పుకున్నాను.

"ముందు అంటుకోనియ్యద్దు బిడ్డా. డీజిల్ ఆపి ఉత్తగ తిప్పుదాం. ఆయిల్ పైదాకా ఎక్కాలె. ఎండు బేరింగు మీద తిరిగిందంటే మన కష్టమంత పాయె."

ఉత్తగా తిప్పారు. ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు మెల్లగా లేచింది. అప్పుడు డీజిల్ వదిలారు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ కక్కి, అంటుకుంది. సాహిత్య గట్టిగా అరిచి మామగారి మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. నేను ఇటు పక్క చెయ్యి చాచి నిలబడి ఉన్నాను. ఆ చేత్తోనే నా కళ్లద్దాలు సర్దుకున్నాను.

పద్మావతమ్మ గారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లు దిష్టి తీసి జీపు ముందు పోశారు. వాకిలి వాలుకు ఆ నీళ్లు ఇంజన్ కిందికి పారాయి.

"జల్దీ కానియ్యే" భార్యను తొందరపెట్టారు వియ్యంకుడు. "కొత్త రింగులు. నిలబెట్టి గుర్రుమనిపిస్తే బోరుకు పట్టయి. ఎత్తులెక్కియ్యాలె, దిగెటప్పుడు కాలు తియ్యాలె. భద్రాచలం దాకా పోయొస్తం. బావగారూ, ఎనక ఎక్కుతరా?"

"మీరు వెళ్లిరండి. నేను ఇక్కడే ఉంటాను."

అప్పుడు చూశాను. ఎర్రనీళ్ల మీద ఒక రంగుల తెట్టు విచ్చుకుంటోంది. పైనుంచి ఒక చుక్క, కాసేపటికి ఇంకో చుక్క. మిగతా వాళ్లకది కొబ్బరినీళ్ల తడి. నూనె నీళ్ల మీద ఎలా పరుచుకుంటుందో ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని నేను. మీటరు ముల్లు ఇంకా బాగానే ఉంది. అడవిదారిలో ఆయిలంతా కారిపోయాకే అది పడిపోతుంది.

పోనీ, అనిపించింది. పాల్వంచ దాటాక ఎక్కడో ఆగిపోనీ. ఈయన గొప్పతనం రోడ్డు పక్కన పొగలు కక్కనీ. సాహిత్య నాకు ఫోన్ చేసి ఏడవనీ.

సాహిత్య మామగారి పక్కసీట్లో ఎక్కి కూర్చుంది. నిమ్మకాయలు చిట్లాయి. జీపు కదిలింది. ముగ్గు మీద వరసగా చుక్కలు రాలుస్తూ గేటు దాకా వెళ్లింది. సాహిత్య వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది. నాకు కాలేజీ ఉన్న రోజుల్లో వాళ్లమ్మ తోటకు వెళ్తూ ఊపినట్టే.

"ఆపండి!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. "బావగారూ, ఆయిల్! ఇంజన్ ఆపండి!"

ఆయన వెంటనే ఆపి దిగి, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడుకుని చెయ్యి పెట్టి చూశారు. "నట్టు వదులుంది" అన్నారు. సాహిత్య ముఖం పాలిపోయింది. ఇందాక అందుకోని స్పానర్ దానికి గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

"మామయ్యా, అది…"

"నేనే బిడ్డా" కిందనుంచే అన్నారాయన. "బిగిస్తననుకొని మరిచిన. ముసలోణ్నైతున్న."

ఆ అబద్ధం విన్నాక అసూయ తగ్గుతుందనుకుంటారేమో. ఇంకా పెరిగింది. ఆ మాట అనాల్సింది నేను కదా!

"కాదు బావగారూ, తప్పు నాది" అన్నాను. "నట్టు చేత్తోనే తిప్పడం కళ్లారా చూశాను. చెప్పాల్సింది."

"మీకేం తెలుసు బావగారూ నట్ల సంగతి? తప్పు నాదే."

"నేను చూశానంటుంటే!"

"ఏంది, దీనిక్కూడ పోటీయా?" అన్నారు పద్మావతమ్మ గారు, హారతి పళ్లెం పట్టుకునే.

సాహిత్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "చాల్లే ఇద్దరూ! మరిచింది నేను. లేవండి మామయ్యా, స్పానర్ ఇటివ్వండి."

తనే బిగించింది. కారిన మేరకు ఆయిల్ పోసింది. మళ్లీ ఉత్తగా తిప్పి, ముల్లు లేచాక స్టార్ట్ చేసి, కింద పాత పేపరు పరిచి చూసింది. ఒక్క చుక్క పడలేదు.

"నడిపేది నేను. మీరిద్దరూ వెనక. నువ్వు కూడా నాన్నా, ఎక్కు."

జీపు వెనక ఎదురెదురు బల్లల మీద కూర్చున్నాం. గుంత వచ్చినప్పుడల్లా మా మోకాళ్లు కొట్టుకుంటున్నాయి. పాల్వంచ దాటి చెట్లు దగ్గరపడ్డాక ఎత్తు వచ్చింది. సాహిత్య గేరు తగ్గించి, ఒక్క ఊపిరంతసేపు ఆగి, కాలు నొక్కింది. ఆ ఆగడం భవానిది. వర్క్‌షాపులో ఎవరూ నేర్పింది కాదు.

"ఒకటే స్పీడు వద్దు బిడ్డా!" అరిచారు వియ్యంకుడు.

"తనకు తెలుసులెండి" అన్నాను.

దిగుడులో కాలు తీసింది. ఇంజన్ చప్పుడు నెమ్మదించింది. అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వింది. ఎవర్ని చూసి నవ్విందో తెలీలేదు. ఆయన నవ్వబోతున్నారు.

నేను ఆయనకంటే ముందే నవ్వాను.