అమ్మీ పరీక్ష రాసిన పూట

పెన్ను ఒకటే ఇచ్చింది, రెండోది తన బ్యాగులోనే ఉండిపోయింది, మధ్యలో రీఫిల్ అయిపోతే అమ్మీ ఎవరినడుగుతుంది, పక్క బెంచీలో కూర్చున్న గుంటడిని అడగడానికి మొహమాటపడి కాగితం వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోతుందేమో, గేటు వేసేశారు, వాచ్‌మన్‌ని బతిమాలితే పెన్ను లోపలికి పంపిస్తాడా, పంపించడు, పైగా నవ్వుతాడు, ఏటమ్మా పరీక్ష నీదా మీ అమ్మదా అంటాడు, అని తహమీనా చోడవరం డిగ్రీ కాలేజీ గోడ పక్కన స్కూటీ మీద కూర్చుని, బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ, లోపల దూరవిద్య బీఏ రెండో సంవత్సరం చరిత్ర పేపరు రాస్తున్న తల్లి సాజిదా గురించి బెంగ పెట్టుకుంది, నవ్వు కూడా వచ్చింది, తను ఇంటర్ పరీక్షలు రాసినప్పుడు ఇదే గోడ నీడలో అమ్మీ మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడేది, అప్పుడు ఎంత చిరాకుపడింది తను, అందరూ చూస్తున్నారు ఇంటికెళ్ళిపో అమ్మీ అని, అప్పుడు అమ్మీకి లోపల ఇలాగే ఉండేదన్నమాట.

ఫోను గుయ్యిమంది, ఝాన్సీ, విశాఖలో యూనివర్సిటీ హాస్టల్లో తన గదిలోనే ఉండే రావికమతం పిల్ల, బీఈడీకి ఇద్దరం ఒకే కాలేజీ పెట్టుకుందామా లేదా తేల్చి సెప్పు, మళ్ళీ ఒకే గదిలో పడొచ్చు అంటోంది, ఆ గది, కిటికీ తీస్తే ఉప్పుగాలి, ఆరేసిన బట్టలు పొద్దుటికి కూడా చెమ్మగానే, ఝాన్సీ మాడుగుల హల్వా డబ్బాని బకెట్లో బట్టల కింద దాచి ఎవరికీ పెట్టనని ఒట్టేసి సాయంత్రానికల్లా వరండా అంతా పంచేది, మెస్ సాంబారులో ములక్కాడ ఎవరికి దొరికితే వాళ్ళు ఆ రోజుకి రాణి, అన్నీ వదులుకుని హైదరాబాద్ ఎందుకు వెళ్ళాలి, అక్కడ తెలిసిన మనిషి ఒక్కరు లేరు, బీఈడీ చేస్తే టీచర్ ఉద్యోగం, ఇల్లు దగ్గర, కానీ చెరకు, అదొకటుంది కదా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకని ఝాన్సీ వాళ్ళ పొలంలోంచి తెచ్చిన చెరకు గడ నిలువునా చీల్చినప్పుడు లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్ల మచ్చలు, పులిసిన వాసన, ఎర్రకుళ్ళు తెగులు, మైక్రోస్కోపు కింద దాన్ని చూసిన రోజు మెస్‌కి వెళ్ళడమే మరిచిపోయింది, బోటనీ గణపతిరావు మాస్టారు వెనకనుంచి చూసి ఇక్కడితో ఆపకమ్మా అన్నారు, ఆయన చెప్పబట్టే హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది, ఇంటర్వ్యూలో నాలుక పిడచకట్టుకుపోయినా సీటొచ్చింది, తను చేరుతుందో లేదో ఈ సాయంత్రంలోగా మాస్టారికి చెప్పాలి.

వెళ్ళనని నిన్న భోజనాల దగ్గర అబ్బాతో చెప్పేసింది కూడా, అమ్మీకి షుగరొచ్చింది, అన్న సొహైల్ చెన్నై ఉద్యోగంలో ఉన్నాడు, నువ్వేమో పొద్దంతా ఆ మిక్సీల రిపేరు షాపులో, అమ్మీని ఎవరు చూస్తారు, నేను విశాఖలో ఉంటే ఆదివారాలైనా వస్తాను, ఎంత చక్కగా చెప్పింది, మంచి కూతురిలా, తండ్రి బాబ్జాన్ మాత్రం అన్నం కలుపుతూ ఒకసారి వంటింటి వైపు చూసి నీ ఇష్టం తల్లీ అని ఊరుకున్నాడు, అబ్బా ఊరుకుంటే భయం, అరిచినా బాగుండేది.

గంట కొట్టారు, గేటు తీశారు, జీన్స్ పేంట్ల కుర్రాళ్ళు, చంకలో పిల్లతో ఒకావిడ, వాళ్ళ వెనక నల్ల బురఖాలో అమ్మీ, ఎందుకంత నెమ్మదిగా, బాగా రాయలేదేమో, కళ్ళు తిరిగాయేమో, తహమీనా ఎదురెళ్ళి సీసా మూత తీసిచ్చింది, సాజిదా తాగింది, వేలి మీద నీలం మరక, ఒక ప్రశ్న సరిగ్గా తెలీలేదట, అయినా వదల్లేదట, తెలిసినంత రాసి పేజీ నింపేసిందట, ఆ ముఖంలో అలసట, దాని కింద ఏదో మెరుపు, పాడైన మిక్సీ బాగుచేసి స్విచ్చి వేసినప్పుడు అబ్బా కళ్ళల్లో ఉండే మెరుపు, ఇలాంటి ముఖం అమ్మీకి ఎప్పటినుంచి ఉంది, తను ఇన్నేళ్ళూ చూడలేదా.

స్కూటీ ఎక్కుతూ అమ్మీ ఆగింది, మీ అబ్బా పొద్దున్న సెప్పేరు, నాకోసం హైదరాబాద్ మానేస్తన్నావంట, అంది, తహమీనా తల దించుకుంది, మరి నీకు షుగరు కదా అంది, షుగరుకి మాత్ర నేను మింగుతన్నాను, నువ్వు మింగుతన్నావేటి, అంది అమ్మీ, గొంతులో కోపం లేదు, అరచేతిని తహమీనా వీపు మీద వేసి, సూడు తహీ, ఎల్లాలని లేకపోతే మానీ, నేనేటీ అనను, అంతేగానీ నా పేరు పెట్టకు, రేపెప్పుడో ఎనక్కి సూసి అమ్మీ వల్లే అనుకుంటావు, అది నేను మొయ్యలేనే.

స్కూటీ బజారు దాటింది, కాలవ పక్కన చెరకు తోటలు మొదలయ్యాయి, గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుంటూ, వెనకనుంచి అమ్మీ గొణుగుడు, రాసిన జవాబుల్లో ఏది తప్పో ఏది కాదో తనలో తను, పొద్దున్న వచ్చేటప్పుడు ఆ గొంతే ఈ వయసులో నాకెందుకే అంది, అనుకుంటూనే లోపలికి నడిచింది, ఎవరూ తోయలేదు, అబ్బా వద్దనలేదు, పొమ్మనీ అనలేదు, మరి తను, తను నిజంగా అమ్మీ షుగరు గురించేనా ఆలోచించింది, ఇంటర్వ్యూలో పిడచకట్టిన ఆ నాలుక గురించా, ఇంగ్లీషు గడగడా మాట్లాడే ఆ కొత్త ముఖాల గురించా, స్కూటీ తనంతట తనే నెమ్మదించింది, ఆగింది, ఏటే, పెట్రోలు అయిపోయిందా, అంది అమ్మీ.

అమ్మీ, నాకు భయంగా ఉంది, అంది తహమీనా, వెనక్కి తిరగకుండా.

మరి ఉండదేటి, అంది సాజిదా, కూతురి భుజం మీద చెయ్యి వేసింది, తహమీనా ఫోను తీసి, వెళ్తున్నానని చెప్పడానికి మాస్టారి నెంబరు నొక్కింది, అవతల రింగు పోతూ ఉంది, భయం ఉండనీ, అది అమ్మీది కాదు, తనది, వెళ్ళాలన్న ఆశా ఎవరిదో కాదు, అదీ తనదే.