వంతెన మీద ఇరుక్కున్నవాళ్లు

ఆ వంతెన ఎంత కిక్కిరిసినా రెండు వందల బళ్లకు మించి పట్టవు. కానీ ఆ రోజు తాము అక్కడ ఇరుక్కుపోయామని చెప్పుకునేవాళ్లందరినీ తెచ్చి నిలబెడితే రెండు గట్లూ నిండిపోయి, మిగిలినవాళ్లు పీకల్లోతు నీళ్లలో నిలబడాల్సి వస్తుంది. నదిలో అన్ని నీళ్లు లేవనే కదా అసలు గొడవంతా!

జరిగింది ఇది. తొమ్మిది నెలల క్రితం, ఎండలు మండిపోతున్న రోజుల్లో, సరిగ్గా ఆఫీసుల వేళకు ఆరుగురు మనుషులు వంతెనకు అడ్డంగా కూర్చున్నారు. అరచేతులకు జిగురు పూసుకుని రోడ్డుకు అతికించుకున్నారు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయనీ, నది చచ్చిపోతోందనీ, పొగగొట్టాలను అడిగే నాథుడే లేడనీ రాసిన అట్టలు మెడలో వేలాడదీసుకున్నారు. అంబులెన్సులకు మాత్రం ఓ పక్కన దారి వదిలారు. మూడు గంటల తర్వాత పోలీసులు వచ్చి వాళ్లను ఊడదీసి తీసుకుపోయారు. మొన్న, అంటే మూడు వారాల క్రితం, కోర్టు తలా రెండేళ్లు జైలు వేసింది.

వీధి సంబరపడింది. "రెండేళ్లేనా?" అన్నాడు ఫొటో స్టూడియో ఆయన. "జనంతో ఆటలా?" అన్నాడు బ్యాంకు మేనేజరు. మందుల షాపావిడ అయితే అదే జిగురుతో జైలు గోడకు అతికించెయ్యాలంది. ఇన్ని మాటలూ అనేసి, ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు వైపు చూసి అందరూ నాలుక కరుచుకున్నారు. ఆ ఆరుగురిలో ఒకతె ఆ కొట్టావిడ సొంత చెల్లెలు.

"మీ చెల్లెల్ని కాదులే అత్తా, మిగతా అయిదుగురినీ అంటున్నాం" అని సర్దుకున్నారు. ఆ అయిదుగురి ఇళ్ల దగ్గరా ఇదే మాట అని ఉంటారు. ఆ లెక్కన జైల్లో ఒక్కరూ ఉండకూడదు.

కొట్టావిడను వీధంతా టేపత్త అంటుంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. నడుము ఎంత అని ఎవరినీ అడగదు. అడిగితే ముప్పై రెండు అంటారు, టేపు ముప్పై ఎనిమిది అంటుంది. ముప్పయ్యేళ్లుగా ఆమె నమ్మింది టేపునే.

చెల్లెలు నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పాతికేళ్లు పనిచేసింది. ఏటా నది గురించి రిపోర్టు రాసేది, ఏటా పై ఆఫీసరు దాన్ని బీరువాలో పెట్టేవాడు. రిటైరైన మరుసటి నెల వెళ్లి వంతెన మీద కూర్చుంది. వెళ్లే ముందు అక్కకు మాటమాత్రం చెప్పలేదు. సాయంత్రం పోలీసు స్టేషను నుంచి ఫోను చేసి, "అక్కా, తాళం చెవి నీ దగ్గరుందిగా, కాస్త పిల్లికి పాలు పొయ్యి" అంది.

అప్పటికే అక్క చెయ్యాల్సిన ఘనకార్యం చేసేసింది. ఆ మధ్యాహ్నం ఒక టీవీ కుర్రది మైకు పెడితే, "మా బతుకులు మూడు గంటలు ఎండలో మాడిపోయాయమ్మా! ఇలాంటివాళ్లని రెండేళ్లు లోపలేస్తే గానీ బుద్ధి రాదు!" అని చెయ్యి ఊపుతూ అరిచింది. టోపీలు పెట్టుకుని, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆ ఆరుగురిలో తన చెల్లెలు ఉందని కలలో కూడా అనుకోలేదు. టీవీవాళ్లు ఆ ముక్కను రోజంతా తిప్పి తిప్పి వేశారు. జడ్జిగారు తీర్పు నాలుగో పేజీలో "ఒక సామాన్య మహిళ ఆవేదన" అంటూ దాన్నే ఉదహరించి, సరిగ్గా రెండేళ్లే వేశారు.

"నీ నోట ఏ ముహూర్తాన వచ్చిందో గానీ అత్తా, జడ్జి అదే అన్నాడు!" అని మందుల షాపావిడ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు టేపత్తకు నాలుగు రోజులు గొంతు దిగలేదు.

చెల్లెలి తరఫు లాయరమ్మ వచ్చి విషయం తేల్చింది. శుక్రవారంలోగా అప్పీలు వెయ్యాలి. "జనం పడ్డ నష్టం అంతా ఇంతా కాదని జడ్జి రాశారు. నిజంగా ఎంత నష్టమో వాళ్ల చేతే రాయించి, శిక్ష తగ్గిస్తే అభ్యంతరం లేదని సంతకాలు పెట్టించండి. అబద్ధం ఒక్క ముక్క ఉన్నా మొత్తం పోతుంది. ఇంకో తలనొప్పి ఏంటంటే, మీ చెల్లెలు అప్పీలు కాగితం మీద సంతకం పెట్టనంటోంది. ఎందుకో చెప్పదు. ఈ ఉత్తరాలు చూస్తే మనసు మారుతుందేమో, మీరే తీసుకెళ్లండి."

టేపత్త ఆలోచించింది. ఉత్తరం రాయమని అడిగితే వీధిలో ఒక్కడూ రాయడు. ఆమె కొట్లో కుట్టించుకున్న బట్ట తొడిగి చూసుకోవాలంటే ఎత్తుపీట ఎక్కి నిలబడాలి. ఆమె చుట్టూ తిరుగుతూ ముప్పై నలభై గుండుసూదులు గుచ్చుతుంది. ఆ సూదులు తీసేదాకా మనిషి కదలకూడదు, కూర్చోకూడదు, గట్టిగా ఊపిరి పీల్చకూడదు. ఇంతకంటే మంచి బోను ఏ కోర్టులో ఉంది?

మొదట బ్యాంకు మేనేజరు పీట ఎక్కాడు. కోటుకు సూదులన్నీ గుచ్చాక ఆమె కాగితం, కలం తీసుకుంది.

"మీకేదో విమానం తప్పిపోయిందన్నారు?"

"తప్పిపోదా మరి! ఎంత ముఖ్యమైన మీటింగో!"

"రాస్తున్నాను. జడ్జిగారు టిక్కెట్టు చూపించమంటారేమో, నంబరు చెప్పండి."

మేనేజరు మెడ తిప్పబోయాడు. కాలరు సూది కసుక్కున గుచ్చుకుంది. "అంటే… విమానం మర్నాడులే. ఆ రోజు టిక్కెట్టు కొందామని బయల్దేరాను."

"ఎంతసేపు ఆగారు?"

"నలభై నిమిషాలు. ఏసీ వేసుకున్నాననుకో. పాటలు విన్నా. అవన్నీ రాస్తావేంటి?"

అన్నీ రాసింది. సంతకం పెట్టాకే సూదులు తీసింది.

తర్వాత ఫొటో స్టూడియో ఆయన. ఈయన కథ వీధిలో అందరినీ ఏడిపించిన కథ. మామగారి ఆఖరి చూపుకు వెళుతూ వంతెన మీద ఇరుక్కుపోయి, అందుకోలేకపోయాడట పాపం. టేపత్త కాగితం మీద అంతవరకు రాసి, బల్ల వైపు తలతిప్పింది. ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చిన ఆ మామగారు అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"బాబాయిగారూ, మీరు ఏ తారీఖున పోయారు?"

పెద్దాయన కళ్లద్దాల మీద నుంచి అల్లుణ్ని చూశాడు. "నాకు జలుబు చేసినప్పుడేనా? వీడు రాకపోవడమే మంచిదైంది. హాయిగా పడుకున్నా."

అల్లుడు పీట మీద నిలువునా ఎర్రబడ్డాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఒంటి నిండా సూదులున్నప్పుడు ఆ మాట చెల్లదు. "ఆలస్యం: ఇరవై నిమిషాలు. నష్టం: లేదు. మామగారు: క్షేమం" అని రాయించుకుని సంతకం గీశాడు.

అలా నాలుగు రోజుల్లో పదిహేడు ఉత్తరాలు పోగయ్యాయి. ఇద్దరు ముగ్గురికి ఎండ దెబ్బ నిజంగానే తగిలింది, అదీ ఉన్నదున్నట్టు రాసింది. మిగతా కొండంతలన్నీ గోరంతలయ్యాయి. మందుల షాపావిడ ఆ రోజు అసలు ఇల్లే కదల్లేదని తేలింది. టేపత్తకు ఉత్సాహం వచ్చింది, కాస్త పొగరు కూడా వచ్చింది.

బుధవారం ఒక సెక్యూరిటీ గార్డు వచ్చింది. పాత యూనిఫాం నడుము బిగించాలి. సన్నగా అయిపోయింది. ఆమెకు సూదులు గుచ్చే అవసరమే రాలేదు. అడగ్గానే చెప్పింది.

"ఆ రోజు నాకు కొత్త ఉద్యోగం, మొదటి రోజు. రెండు గంటలు లేటయ్యానని గేటు దగ్గరే తిప్పి పంపేశారక్కా. ఆర్నెల్లు ఖాళీగా ఉన్నా."

టేపత్త చేతిలో కలం ఆగిపోయింది. ఈ కాగితం చెల్లెలికి చేటు చేస్తుందని తెలుసు. అయినా రాసింది. "ఇక శిక్ష సంగతి నువ్వు చెప్పక్కర్లేదులే" అంది మెల్లగా.

"ఎందుకు చెప్పను? ఆ రోజు మీ చెల్లెలు దొరికుంటే రెండు పీకేదాన్ని. కానీ రెండు పీకడం వేరు, రెండేళ్లు వేరు. ఆవిడ లోపలుంటే నా ఉద్యోగం వెనక్కొస్తుందా? తగ్గించమనే రాసుకో." సంతకం పెట్టి కలం ఇస్తూ అడిగింది. "నేను వంతెన మధ్యలో ఉన్నాను. అటూ ఇటూ నడిచా కూడా. నువ్వెక్కడున్నావక్కా? కనపళ్లేదే!"

"అటు చివర" అంది టేపత్త, అల్మరాలో లేని దారం వెతుకుతూ.

అటు చివరా లేదు, ఇటు చివరా లేదు. అసలు వంతెనే ఎక్కలేదు. ఆ రోజు ఆమె ఇవతల వీధిలో గుండీల కొట్లో, ఫ్యాను కింద కూర్చుని, చల్లటి నీళ్లు తాగుతూ గుండీలు ఏరుకుంటోంది. గోల విని బయటికి వచ్చింది, మైకు ఎదురైంది. అంతే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇంతమందిని కొలిచిన మనిషి తన కొలత మాత్రం తీసుకోలేదు. తీసుకుంటే వీధిలో తలెత్తుకోలేనని భయం.

గురువారం జైలుకు వెళ్లింది. ఉత్తరాలు చదివి చెల్లెలు పడీ పడీ నవ్వింది. "మామగారు క్షేమం" దగ్గర కళ్లు తుడుచుకుంది. గార్డు ఉత్తరం దగ్గర నవ్వు ఆపేసి, రెండుసార్లు చదివి, దాన్ని విడిగా పెట్టింది. అక్క అప్పీలు కాగితం ముందుకు జరిపితే మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వద్దక్కా."

"ఏమే, నీకేమైనా పిచ్చా? ఉద్యోగం పోయినావిడే తగ్గించమంది కదే!"

"వాళ్లంతా పరాయివాళ్లక్కా. స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు ఎదురుగా టీవీ ఉంది. నీ ముఖం చూశాను, కందిపోయి ఉంది. చీమకు కూడా హాని చెయ్యనిదానివి, రెండేళ్లు వెయ్యమన్నావంటే ఆ ఎండలో ఎంత నరకం చూసుంటావో అనుకున్నా. నదికేమైనా మేలు చేశానో లేదో నాకు తెలీదు. నిన్ను మాత్రం మాడ్చేశాను. నువ్వడిగిన శిక్షే పడింది. అది తగ్గించమని ఏ ముఖంతో అడగను?"

తొమ్మిది నెలలుగా ఈ పిచ్చిది ఇదా మోస్తున్నది! తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను వంతెన మీద లేనే."

"ఏంటి?"

"గుండీల కొట్లో ఉన్నా. ఫ్యాను కింద."

చెల్లెలు ఉత్తరాలు పక్కకు నెట్టి ముందుకు వంగింది. గోడ దగ్గర వార్డరు కూడా ఇటే చెవులు రిక్కించింది.

"మరి ఆ రెండేళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయక్కా?"

"నా ముందు ఎవడో ఏడాది వెయ్యాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు నా దగ్గరికొచ్చింది. నేనూ అంతే అంటే ఏం బాగుంటుందని…"

ఈసారి చెల్లెలు నవ్వలేదు. పెదవులు బిగబట్టి, ఒక తెల్ల కాగితం తీసి అక్క ముందుకు తోసింది.

"రాయి. ఇప్పుడు నాకు చెప్పినట్టే జడ్జికి రాయి. కింద సంతకం పెట్టు. ఆ తర్వాత నేను పెడతాను."

టేపత్త కలం పట్టుకుంది. "వీధంతా తెలిసిపోతుందే! నేను ఎవరికి ముఖం చూపించను?"

"ఏం పర్లేదక్కా," అంది చెల్లెలు. "రెండేళ్లలో మర్చిపోతారు."

టేపత్త తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది.